పక్క గల్లీ రేటు

సూరత్‌లో నాకు దొరికిన మొదటి పనికి నేను రేటు అడగలేదు. అడగకపోవడమే మర్యాద అనుకున్నాను. పని తెచ్చింది మన మనిషి, మన మాట మాట్లాడే మనిషి, వరసకు వదిన. అలాంటి మనిషిని పట్టుకుని చీరకు ఎంతిస్తావు అని అడిగితే ఇంకేమైనా ఉందా? మా ఊళ్ళో నాట్లకు పిలిచినా, పెళ్ళి వంటకు పిలిచినా, పిలిచింది మనవాళ్ళయితే ముందుగా రేటు మాట్లాడరు. మాట్లాడితే ముఖం మీద కొట్టినట్టు. పని అయ్యాక చేతిలో ఎంత పెడితే అంత తీసుకుని, కొంగున ముడి వేసుకుని ఇంటికి వస్తారు. నేను కూడా అలాగే మూడేళ్ళు కొంగున ముడి వేసుకున్నాను.

మాది ఉత్తర తెలంగాణలో ఒక చిన్న పల్లె. పదో తరగతి పాసయ్యాను, ఆ పైన చదివించలేదు. పెళ్ళయిన నాలుగో నెలలో నా భర్త నన్ను ఇక్కడికి తీసుకువచ్చాడు. అతను అప్పటికే ఎనిమిదేళ్ళుగా సూరత్‌లో సాంచాల మీద బట్ట నేస్తున్నాడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి, పన్నెండు గంటల డ్యూటీ. పగటి డ్యూటీ వారంలో ఇంట్లో మనిషి ఉండడు. రాత్రి డ్యూటీ వారంలో పగలంతా నిద్రపోయే మనిషి ఉంటాడు. రెండింటిలో ఏది నయమో నాకు ఇప్పటికీ తెలియదు. నిద్రపోయే మనిషి ఉంటే గిన్నె చప్పుడు కూడా చేయకూడదు.

మా గది నవాగామ్‌లో, రెండో అంతస్తులో. ఒకటే గది, మూలన వంట, బయట నాలుగు కాపురాలకు కలిపి ఒక కుళాయి. కింద గల్లీ అంతా మరాఠీ, హిందీ, మధ్య మధ్య గుజరాతీ. నేను బళ్ళో చదివిన హిందీకి, ఇక్కడివాళ్ళు మాట్లాడే హిందీకి పొంతనే లేదు. కూరగాయల బండి దగ్గర వేలు చూపించి కొనేదాన్ని. వంకాయలకు వేలు చూపిస్తే వంకాయలే ఇచ్చేవాడు, అక్కడిదాకా బాగానే ఉండేది. బేరం ఆడటానికి మాత్రం వేలు చాలదు. వాడు చెప్పినంత ఇచ్చి, లోపల తిట్టుకుంటూ మెట్లెక్కేదాన్ని.

నాకు నోరు ఎక్కువ. దాచుకోవడమెందుకు, మా అమ్మే అనేది. ఊళ్ళో ఉన్నప్పుడు కుళాయి దగ్గర నా వంతు ఎవరైనా దాటితే ఆ వీధి మొత్తానికి వినబడేలా కడిగేసేదాన్ని. అలాంటి నోరు ఇక్కడికి వచ్చి మూతపడింది. పొద్దున భర్త గడప దాటుతూ "పోయొస్త" అన్న ఆ ఒక్క ముక్కే ఆ రోజుకు నేను విన్న తెలుగు. అమ్మ ఫోన్ చేసి "ఎట్లున్నవ్ బిడ్డా" అనగానే ఏడుపు ముంచుకొచ్చేది. అది వినబడకూడదని తొందర తొందరగా తిన్నావా, గేదె ఈనిందా అని అడిగేదాన్ని. ఒకసారి గోడకు మేకు దిగకపోతే గోడనే తిట్టాను. ఆ తిట్టడం ఎంత హాయిగా ఉందంటే, మేకు సంగతి మరిచిపోయి ఇంకో నాలుగు తిట్లు కలిపాను. తర్వాత చాలాసేపు భయమేసింది, పిచ్చి పట్టిందేమోనని.

అలా ఆరు నెలలు గడిచాక వదిన వచ్చింది.

ఆమెది మా అత్తగారి ఊరికి పక్క ఊరు. మా ఆయన వరస కలిపి అక్క అంటాడు కాబట్టి నాకు వదిన అయింది. నలభై దాటిన మనిషి, బలమైన చేతులు, గట్టి గొంతు. ఇరవై ఏళ్ళుగా సూరత్‌లో ఉంటోంది. మార్కెట్ నుంచి చీరల మూటలు తెచ్చి, ఇళ్ళల్లో ఉండే ఆడవాళ్ళకు పంచి, వాళ్ళ చేత అంచులకీ కొంగులకీ మెరుపు రాళ్ళు అంటించి, తిరిగి మార్కెట్‌లో అప్పజెప్పడం ఆమె పని. పక్క గల్లీలో నలుగురైదుగురు మరాఠీ ఆడవాళ్ళు ఆమె దగ్గర చేసేవారు. మా గల్లీలో నేనొక్కదాన్నే.

పని నేర్పింది ఆమే. చీరను నేల మీద పరచాలి. జిగురు చుక్క పెట్టాలి. మైనం పూసిన పుల్లతో రాయిని ఎత్తి చుక్క నడిమధ్యన కూర్చోబెట్టాలి. జిగురు ఎక్కువైతే రాయి పక్కకు జారుతుంది. తక్కువైతే కట్టుకున్న మొదటి రోజే రాలిపోతుంది. ఫ్యాను వేస్తే చీర కదులుతుంది కాబట్టి ఎండాకాలమైనా ఫ్యాను ఉండదు. మొదట్లో జిగురు వాసనకు తల పగిలిపోయేది. రెండు వారాల్లో చెయ్యి కుదిరింది. నెల తిరిగేసరికి పెళ్ళి చీరల కొంగులు నాకే ఇవ్వడం మొదలుపెట్టింది.

"నీ చెయ్యి మంచిగుంటది పిల్లా. గా పక్క గల్లీ వాళ్ళు మీద మీద అంటిస్తరు, దులిపితే రాల్తయి" అనేది. నేను పొంగిపోయేదాన్ని. ఆ మాట భర్తకు చెప్పేదాన్ని, ఫోన్‌లో అమ్మకు చెప్పేదాన్ని.

కానీ నిజంగా నేను ఎదురుచూసింది చీరల కోసం కాదు. పదకొండింటికి ఆమె వచ్చేది. మూట దించి, గోడకు ఆనుకుని, కాళ్ళు బారచాపి కూర్చునేది. నేను చాయ్ పెట్టేదాన్ని. అక్కడి నుంచి ఒక గంట. ఆ గంటలో మా ఇంటి ఓనరు పిసినారితనం, మార్కెట్‌లో సేఠ్ నడిచే నడక, వాళ్ళ ఊళ్ళో కోతుల గోల, మక్క గటక ఎలా కాస్తే ఉండ కట్టదు, అన్నీ వచ్చేవి. ఆమె తిట్లు వింటుంటే కడుపు నిండేది. ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు ఆ తిట్లు రావు, సగం హిందీలో తిడతారు, అందులో ఉప్పూ కారం ఉండదు. నా రోజులో ఏం జరిగినా ఆమెకు చెప్పడానికి దాచిపెట్టేదాన్ని. మా ఆయన రాత్రి డ్యూటీ వారంలో అతని నిద్ర చెడకుండా ఇద్దరం బయట మెట్ల మీద కూర్చుని, నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళం.

రెండో ఏడు నాకు నాలుగో నెల కడుపు పోయింది. ఆ రోజు మా ఆయన డ్యూటీలో ఉన్నాడు, షెడ్డులో సాంచాల మోతకు ఫోన్ వినబడదు. ఆటో పిలిచి నన్ను ఎత్తి కూర్చోబెట్టింది వదిన. దవాఖానలో నర్సుతో గుజరాతీలో పోట్లాడి మంచం ఇప్పించింది వదిన. మూడు రోజులు తన మూటలు పక్కన పడేసి నా దగ్గరే కూర్చుంది. ఇంటికి తెచ్చాక వేన్నీళ్ళు పోసింది. నేను ఏడుస్తుంటే ఊరుకో అనలేదు. "ఏడువ్వు, ఎవ్వరినన్న తిట్టబుద్ధైతే నన్ను తిట్టు" అంది. ఆమె లేకపోతే ఆ నెల నేను ఏమయ్యేదాన్నో.

అలాంటి మనిషి శనివారం శనివారం నా చేతిలో డబ్బు పెడితే నేను ఆమె ముందు విప్పి చూడను కూడా చూడలేదు. వెళ్ళాక చూసుకునేదాన్ని. చీరకు పన్నెండు రూపాయలు పడుతోందని నాకు నేనే తెలుసుకున్నాను. అందరికీ అంతేననుకున్నాను. అసలు ఇంకోలా ఉంటుందన్న ఆలోచనే రాలేదు.

మూడో ఏడు పెళ్ళిళ్ళ సీజన్‌లో పక్క గల్లీ నుంచి ఒక మరాఠీ ఆవిడ మా మెట్లెక్కి వచ్చింది. ఆమెను అందరూ తాయి అనేవారు, అంటే అక్క. వదిన దగ్గర పనిచేసేవాళ్ళలో ఆమె పెద్దది. కూరగాయల బండి దగ్గర చూసి తల ఊపుకునే పరిచయం మాది, అంతకుమించి లేదు. చేతిలో పది చీరల మూట ఉంది, ముఖం కళతప్పి ఉంది. వచ్చీరాని హిందీలో నేనూ, నాకు అర్థమయ్యేలా మెల్లగా ఆమె మాట్లాడి తేల్చుకున్నది ఇది: ఊళ్ళో ఆమె తల్లికి బాగాలేదు, ఆ సాయంత్రమే రైలు. చీరలు ఎల్లుండికి ఇవ్వాలి. ఇవ్వకపోతే సీజన్‌లో మాట పోతుంది. నువ్వు చేసి మా ఇంట్లో ఇచ్చెయ్యి, నీ డబ్బు నీకు తెచ్చిస్తాను అంది. ఎదుటి మనిషి తల్లి మంచం మీద ఉందంటే కాదని ఎలా అంటాం? నా చీరలు నావి చేసుకుంటూనే ఆ పదీ పూర్తి చేసి రెండో రోజు వాళ్ళింట్లో ఇచ్చి వచ్చాను. వదినకు చెప్పలేదు, తాయికి మాట వస్తుందని.

వారం తర్వాత తాయి తిరిగొచ్చింది. తల్లి కోలుకుందట. నా చేతిలో డబ్బు పెట్టి, నా గడ్డం పట్టుకుని ఏదో మంచి మాట అని వెళ్ళిపోయింది. వెళ్ళాక చూసుకుంటే నూట ఎనభై ఉంది. పది చీరలకు నూట ఇరవై కదా! పాపం తల్లి ఆదుర్దాలో లెక్క తప్పిందనుకున్నాను. అరవై రూపాయలంటే అప్పట్లో మాకు తక్కువ కాదు. అయినా మన కష్టం కానిది మనకెందుకని, ఆ అరవై మడిచి పట్టుకుని చెప్పులేసుకుని పక్క గల్లీకి వెళ్ళాను. దారిలో నా నిజాయితీకి నేనే మురిసిపోయాను కూడా, ఆ మాట దాచను.

తాయి గుమ్మంలో కూర్చుని చీర పరుచుకుని ఉంది. నేను డబ్బు చాపగానే ఆమె ముఖం మారిపోయింది. తక్కువ ఇచ్చావని గొడవకు వచ్చాననుకుంది. అంతా నీకే ఇచ్చాను, నేను ఒక్క రూపాయి ఉంచుకోలేదు అని ప్రమాణం చేసింది. కాదు కాదు, ఎక్కువ ఇచ్చావు అంటాను నేను. లేదు అంటుంది ఆమె. నా హిందీ అక్కడ చేతులెత్తేసింది. చివరికి ఒక చీర చూపించి, పది వేళ్ళు, ఇంకో రెండు వేళ్ళు చూపించాను. ఆమె నా వేళ్ళ వంక చూసింది. తర్వాత నిదానంగా తన పది వేళ్ళు చూపించి, ముడిచి, ఇంకో ఎనిమిది చూపించింది.

"రేట్ తో యహీ హై" అంది, రేటు ఇదే కదా అని.

నాకు అర్థం కాలేదనుకుని పక్క గుమ్మంలో ఆవిడను పిలిచి అడిగింది. ఆవిడ కూడా పద్దెనిమిదే అంది. ఎదురింటి ఆవిడ లోపలి నుంచే అరిచి చెప్పింది, పద్దెనిమిది. తాయి ఆ అరవై నా గుప్పిట్లో పెట్టి, వేళ్ళు మూసి, ఆ గుప్పిటను రెండు చేతులతో కాసేపు పట్టుకుంది. జాలిపడింది నా మీద. నన్ను తిట్టినా పడతాను గానీ జాలి పడితే నాకు ఒళ్ళు మండుతుంది. చెయ్యి లాక్కుని వచ్చేశాను.

ఇంటికి వచ్చి చీర ముందు కూర్చున్నాను, పుల్ల పట్టుకోబుద్ధి కాలేదు. వాళ్ళు పాతవాళ్ళు కాబట్టి ఎక్కువేమో అనుకున్నాను. కానీ వాళ్ళలో ఒకామె నా తర్వాత చేరింది. బరువు పని చేస్తారేమో అనుకున్నాను. బరువు కొంగులన్నీ నా దగ్గరే ఉన్నాయి, కళ్ళెదురుగా పరుచుకుని. చెయ్యి మంచిగా ఉన్నదానికి పన్నెండు, మీద మీద అంటించేవాళ్ళకు పద్దెనిమిది. ఎటు తిప్పి చూసినా ఆ లెక్కకు నాకు తల దొరకలేదు, తోక దొరకలేదు. కోపం కంటే ముందు సిగ్గేసింది.

సాయంత్రం మా ఆయన వచ్చాక చెప్పాను. అతను మాటలు తక్కువ మనిషి. చేతులు కడుక్కుని, అన్నం ముందు కూర్చున్నాక నోరు విప్పాడు. వాళ్ళ షెడ్డులో కూడా అంతేనట. ఒకే బట్ట, ఒకే సాంచా, మీటరుకు ఒకరికి ఒక రేటు, ఇంకొకరికి ఇంకో రేటు. ఊళ్ళోనే పాండేసర పేటలోనో మరోచోటనో అన్నో తమ్ముడో పనిచేస్తున్నవాడికి ఎక్కువ పడుతుందట, ఎందుకంటే వాడు ఏ రోజైనా టిఫిన్ డబ్బా పట్టుకుని అక్కడికి వెళ్ళిపోగలడని సేఠ్‌కు తెలుసు. నీకో అని అడిగాను. అతను పచ్చడి కలుపుకున్నాడు. పదకొండేళ్ళుగా ఒకే షెడ్డులో ఉన్న మనిషి.

తర్వాత అన్నాడు. "అక్కను అడగకు. సూరత్‌ల మనకున్నది ఆమె ఒక్కతే. గా ఆరు రూపాయలకు ఆమెను గూడ పోగొట్టుకుంటవా?"

అదే నన్ను రెండు రోజులు ఆపింది. నేను, నోరు కట్టుకుని రెండు రోజులు! వదిన వచ్చింది, కాళ్ళు చాపింది, ముచ్చట్లు చెప్పింది. నవ్వాల్సిన చోట నవ్వాను. ఆమె చాయ్ ఊదుకుంటుంటే ఆ పెదాల వంకే చూస్తూ ఆరు రూపాయలు, ఆరు రూపాయలు అనుకున్నాను. ఇలా రోజూ అనుకుంటూ కూర్చుంటే ఆ గంట నాకు మిగలదు, అడిగితే ఆమె మిగలదు. ఏది పోయినా పోయేది నాకే. మూడో రోజు ఇక లోపల పట్టలేదు.

"వదినా, పక్క గల్లీల చీరకు పద్దెనిమిదంట గదా" అన్నాను.

ఆమె కప్పు కింద పెట్టింది. ఎవరు చెప్పారని అడిగింది. ఎవరైతేనేం, నిజమా కాదా అన్నాను. నిజమే అంది. అబద్ధం ఆడుతుందనుకున్నాను. ఆడితే గొంతు చించుకుని అరిచేదాన్ని, నా కోపానికి ఒక దారి దొరికేది. ఆమె ఆ అవకాశం ఇవ్వలేదు.

"మరి నాకెందుకు పన్నెండు? నా చెయ్యి మంచిగ లేదా?"

"నీ చెయ్యే మంచిగుంటది" అంది. "వాళ్ళకు రూపాయి తగ్గిస్తే తెల్లారి ఇంకోళ్ళ మూట తెచ్చుకుంటరు. గా గల్లీల మూటలిచ్చేటోళ్ళు నలుగురున్నరు, వాళ్ళకు మాట వచ్చు. నువ్వు యాడికి పోతవ్ పిల్లా?"

తప్పు చేసిన గొంతు కాదది. ఉన్నది చెప్పే గొంతు. మార్కెట్‌లో తనకూ అంతేనంది. గుజరాతీ ఆడవాళ్ళకు ఇచ్చే రేటు తనకు ఇవ్వరట, బయటి మనిషి కాబట్టి. ఆటో ఖర్చు తనదే, చీర పాడైతే నష్టం తనదే. అందరికీ పెద్ద రేటిస్తే తనకు మిగిలేది మూట మోసిన నడుం నొప్పేనంది. ఎవరికో ఒకరికి తగ్గించాలి, తగ్గించినా పోనివాళ్ళకే ఎవరైనా తగ్గిస్తారు అంది. ఆమె చెప్పింది నాకు పూర్తిగా అర్థమైంది, అదే కష్టం. ఈ ఊళ్ళో నాకు ఎవరూ లేకపోవడమే నా రేటు. నా చెయ్యి ఎంత తీరుగా పనిచేసినా ఆ పన్నెండు పద్దెనిమిది కాదు.

అర్థమైనప్పుడు ఊరుకోవాలి కదా. ఊరుకోలేదు. నా నోరు, మూడేళ్ళు మూతపడిన నోరు, ఆ రోజే తెరుచుకోవాలా?

"దవాఖానల మూడు రోజులు కూసున్నవు గదా, అవి గూడ నా పైసలల్ల పట్టుకుంటున్నవా?" అన్నాను.

తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆమె లేచి, తాగిన కప్పు తీసుకుని మూలకు వెళ్ళి కడిగింది. మూడేళ్ళలో ఎప్పుడూ నన్నే కడగనిచ్చిన మనిషి, తన కప్పు తనే కడిగి బోర్లించింది. కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది.

తర్వాత నాలుగు రోజులు ఆమె రాలేదు. నాకు పౌరుషం ఒకటి. తాయి దగ్గరికి వెళ్ళాను. ఆమె నన్ను తన గల్లీలోనే మూటలిచ్చే ఇంకొకామె దగ్గరికి తీసుకువెళ్ళింది. ఆమె నేను అంటించిన కొంగును గోటితో గీకి చూసింది, రాయి ఊడలేదు. అఠారా అన్నాను, అంటే పద్దెనిమిది, ఆ ఒక్క మాట దారి పొడవునా వల్లె వేసుకుంటూ వెళ్ళాను. ఆమె సరేనంది. అంత సులువు. మూడేళ్ళుగా నా గదికి వంద అడుగుల దూరంలో ఉన్న పని అది. మూట పట్టుకుని వస్తుంటే సంతోషం ఉండాలి, లేదు. నా ఎడ్డితనానికి నన్ను నేనే తిట్టుకుంటూ మెట్లెక్కాను.

ఆ కబురు వదినకు చేరినట్టుంది. సోమవారం పదకొండింటికి మెట్ల మీద చప్పుడైంది. తలుపు తీస్తే మూటతో నిలబడి ఉంది. నేను మానేశాక ఆమె వేరేవాళ్ళతో చేయించి ఇచ్చిన కొంగులు మార్కెట్ నుంచి వాపసు వచ్చాయట, రాళ్ళు రాలాయని. ఇక నుంచి పద్దెనిమిది అంది, గుమ్మం బయట నిలబడే. నేను తల ఊపాను. మూట గడప లోపలికి జరిపి వెళ్ళింది.

గెలిచాను కదా! ఆ శనివారం డబ్బు మా ఆయన చేతిలో పెట్టాను. అతను ఆ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు. "నాకు గూడ అడగాలనుంటది గని, నోరు రాదు" అన్నాడు. అతని నోటి నుంచి అలాంటి మాట రావడం అదే మొదలు, అదే చివర. నేను అతని పక్కన కూర్చున్నాను.

ఆ రోజు నుంచి నేను పక్క గల్లీ వాళ్ళలో ఒకదాన్ని. వాళ్ళ రేటే నా రేటు, వాళ్ళ పద్ధతే నా పద్ధతి. ఇంతకుముందు వదిన మూట విప్పకుండానే భుజాన వేసుకుని వెళ్ళేది. ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఒక్కొక్క చీర విప్పి, దులిపి, రాలిన రాయికి డబ్బు తగ్గించేది. సరిగ్గానే తగ్గించేది, అన్యాయం చేసిందని అనలేను. లోపలికి మాత్రం రాలేదు. చాయ్ పెట్టనా అంటే, ఇంకా నలుగురికి ఇవ్వాలి అనేది. ఆ నలుగురికీ అంతకుముందు కూడా ఇచ్చేది, గంట కూర్చుని మరీ ఇచ్చేది. ఆ మాట అననా? అనలేదు. నా నోటి మీద నాకే నమ్మకం పోయింది.

తాయి మంచిది. ఆ గల్లీ ఆడవాళ్ళూ మంచివాళ్ళే, పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవారు. కానీ నాకు వచ్చిన హిందీలో ఉప్పు, నీళ్ళు, ఎండ, రేటు, ఇవే ఉన్నాయి. కడుపులో ఉన్నది చెప్పాలంటే ఆ మాటలు సరిపోవు. ఓనరు మెట్ల మీద జారిపడ్డ సంగతి వదినకు చెప్పాలని దాచాను, చెప్పకుండానే పాతబడింది. అమ్మ గేదెను అమ్మేసింది, అదీ చెప్పలేదు. పొద్దున పది దాటితే చెవులు మెట్ల మీదే ఉండేవి. ఆమె వచ్చి, దులిపి, వెళ్ళడానికి పది నిమిషాలు. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆ గదిలో నేనూ, జిగురు వాసనా. ఒంటరితనం అంటే మనుషులు లేకపోవడమని మొదటి ఆరు నెలల్లో అనుకున్నాను. అప్పుడు నాకు అసలు ఒంటరితనం తెలియదు. ఎదుటి మనిషి రోజూ గుమ్మంలో నిలబడి, లోపలికి రాకపోతే తెలిసింది.

ఎనిమిది నెలలు అలాగే నడిచాయి. ఎనిమిదో నెలలో ఒక రోజు, వర్షం. ఆమె తడిసి వచ్చింది. మూట మీద ప్లాస్టిక్ కప్పి, తను తడిసింది. గుమ్మంలో నిలబడి చీరలు దులుపుతుంటే ఆమె జుట్టు నుంచి నీళ్ళు గడప మీద పడుతున్నాయి. తల తుడుచుకోమని తువ్వాలు తెచ్చి ఇచ్చాను. తీసుకుంది. ఆ తువ్వాలు తీసుకోవడం చూసి నాకు ఎక్కడలేని ఆశ పుట్టింది, సిగ్గూ పౌరుషమూ రెండూ పోయాయి.

"వదినా, నాకు పన్నెండే ఇయ్యి" అన్నాను. "జరసేపు కూసో."

ఆమె తల తుడుచుకోవడం ఆపి నా వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఆ ఎనిమిది నెలల్లో నన్ను అంతసేపు చూడటం అదే.

"కూసుంటే ఏం ముచ్చట పెడ్దాం పిల్లా?" అంది. "నేను నవ్వితే, గీ నవ్వుకు ఎంత పట్టుకుంటదో అనుకుంటవు నువ్వు. నువ్వు చాయ్ ఇస్తే, గీ చాయ్ తర్వాత ఏమంటదో అనుకుంట నేను."

కాదని చెప్పాలనుకున్నాను. చెబితే అబద్ధమయ్యేది. ఆమె తువ్వాలు మడిచి గడప మీద పెట్టింది. ఒక చీరకు రెండు రాళ్ళు రాలాయని డబ్బు తగ్గించి, మిగతాది చీరకు పద్దెనిమిది చొప్పున నా చేతిలో పెట్టింది. మూట ఎత్తుకుని మెట్లు దిగింది. నేను వరండాలోకి వచ్చి, ఆమె వర్షంలో గల్లీ దాటి మలుపు తిరిగేదాకా చూశాను. ఒక్కసారి తల ఎత్తి పైకి చూస్తే పిలుద్దామని నిలబడ్డాను. చూడలేదు.